కుడివైపు కిటికీ

ఆ సాయంత్రం మా ఆవిడకు దక్కకుండా పోయినవి లెక్క కడితే, వర్తూరు చెరువు ఒకటి, దాని తూము ఒకటి, తూము కింద మామగారి వరిమడులు రెండు, ఆ పక్కన ఆమె పుట్టిన పెంకుటిల్లు ఒకటి. మొత్తం అయిదు.

తొంభైల చివర్లో ఆ మడులు, ఇల్లు అమ్మకానికి వచ్చాయి. అదే చలికాలం హైదరాబాదులో బంధువుల పెళ్లికి నేను, మా ఆవిడ, అత్తగారు విమానంలో బయల్దేరాం. ముగ్గురికీ అదే మొదటిసారి. "పరాయోళ్ల చేతికి పోకముందే ఒక తూరి పైనుంచి చూడల్ల" అని మా ఆవిడ అడిగింది. చూపించే పూచీ నాదన్నాను.

కాటన్‌పేట దుకాణంలో పద్దులు రాస్తూ లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ని. ఆదివారాలు అత్తగారింటికి వెళ్తే చెరువుగట్టు మీద కూర్చుని విమానాలనే చూసేవాణ్ని. వానాకాలం పడమటి గాలికి అవి చెరువు పక్కగా దిగేవి. చలికాలం తూర్పు గాలికి అటే ఎగిరేవి. తూర్పుకు ఎగిరితే చెరువు కుడిచేతికి వస్తుంది. సాయంత్రమైతే ఎండ వెనకనుంచి పడుతుంది, కళ్లు చెదరవు. రెక్క అడ్డు రాకూడదంటే వెనక వరుసలు కావాలి. విమానాశ్రయంలో సీట్లిచ్చే అమ్మాయిని అడిగి అలాంటి వరుసలోనే మూడు సీట్లు తీసుకున్నాను. కిటికీ ఆమెకు, మధ్యది నాకు, చివరిది అత్తగారికి.

కూర్చున్నామో లేదో అత్తగారు కూతుర్ని అందుకున్నారు.

"ఏమే, శుభానికి పోతా ఉండాము. మొగుడికి కుడిపక్క కూచుంటావా?"

"ఇది పెళ్లిపీట కాదమ్మా, విమానం."

"అందుకే చెప్తా ఉండేది. గాల్లో పోయేటప్పుడు ఇంకా భయముండల్ల. ఎడమకు రా."

"నీ అల్లుడికి లెక్కుండాది, నీకు శాస్త్రముండాది. నడమ నా చెరువు పోతా ఉండాది" అని నవ్వుతూనే లేచింది. నేను కిటికీ దగ్గరకు జరిగాను. గాలిని, ఎండను, రెక్కను లెక్కలో వేశాను గాని అత్తగారిని వేయలేదు.

విమానం అనుకున్నట్టే తూర్పుకు లేచింది. మా ఆవిడకు అడ్డు కాకుండా వీపును సీటుకు అదిమిపెట్టాను. సరిగ్గా చెరువు దగ్గరకు వచ్చేసరికి విమానం ఎడమకు ఒరిగింది. మధ్య సీటుకు ఆకాశమే మిగిలింది. ముందుకు వంగి అద్దానికి ముక్కు ఆనిస్తే నాకు మాత్రం చెరువు, నిద్రలో ఎవరో పక్కకు తిరిగినట్టు, మెల్లగా తిరుగుతూ కనిపించింది.

"కనపడతా ఉండాదా?"

"ఆఁ. నీళ్లు రాగిచెంబు మాదిరి ఉండాయి."

ఆమె కళ్లు మూసుకుంది. "తూము కాడ కొంగలుంటాయి చూడు."

చూశాను. తెల్ల నువ్వులు చల్లినట్టు ఉన్నాయి.

"మడిగట్టు మీద మునగచెట్టు?"

అంత పైనుంచి ఏ చెట్టు ఏదో ఎవరికి తెలుస్తుంది? ఉండాదన్నాను.

"పోయినేడే గాలికి పడిపోయింది కదప్పా!" కళ్లు తెరవకుండానే నవ్వింది. ఆ తరువాత కిటికీ నిండా మబ్బు. ఆమె ఇంకా కళ్లు మూసుకునే, తన ఇంటి చుట్టూ తిరుగుతున్నట్టుంది.

తిరుగు ప్రయాణం రైల్లో. ఆ ఏడే మడులు, ఇల్లు అమ్ముడుపోయాయి. వాటి చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. కొన్నేళ్లకు విమానాశ్రయం నగరానికి ఉత్తరాన ఎక్కడికో పోయింది. విమానాలు ఇప్పుడు ఆ చెరువు దారిన రావు.

ఎక్కడికి వెళ్లినా ఎడమవైపు కిటికీయే అడుగుతాను. ఆమె కిటికీ దగ్గరా ఉంటుంది, నా ఎడమపక్కనా ఉంటుంది. సముద్రం చూసింది, కొండలు చూసింది. అవి ఈ ఖాతాలో జమ కావంటుంది. అయిదింటిలో మూడు నేలమీదే లేవు కదా అంటే, "లేకపోతే బాకీ తీరినట్టా?" అంటుంది.

నా లెక్క ప్రకారమూ తీరలేదు. అయిదు.