వెండి రంగు కింద బర్మా కత్తి

2018 జనవరి. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి ముందు గదే నా పని గది. అంతకుముందు ఇరవై ఆరేళ్లు ఒక మ్యూజియం లేబొరేటరీలో కన్జర్వేటర్‌గా చేశాను. కన్జర్వేటర్ పాత వస్తువును కొత్తదిగా మార్చడు, అది ఇంకా పాడవకుండా ఆపుతాడు. లోహపు వస్తువులు నా విభాగం. ముందటి వానాకాలంలో నా భార్య పోయింది. ఆమె ఉన్నప్పుడు ఆదివారం పని పెట్టుకునేవాణ్ణి కాదు. ఆ ఏడాది ఆదివారాలు కూడా తలుపు తెరిచే ఉంచాను.

అలాంటి ఒక ఆదివారం మల్లేశ్ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. మక్తల్ దగ్గరి ఊరు, షాద్‌నగర్‌లో మందుల కంపెనీలో ఉద్యోగం. దుప్పట్లో చుట్టిన కత్తిని బల్ల మీద పెట్టాడు.

"జర గిది చూడుర్రి సార్. ఫోన్ల చూసి కొన్న. అగ్గువకే వచ్చింది."

"అంత అగ్గువకు ఎందుకిచ్చిండో ఆలోచించినవా?"

"ఆలోచిస్తే కొనకపోదును సార్."

కత్తికి మొన దాకా సిల్వర్ పెయింట్ పూశారు, ఇనుప గేట్లకు వేసే రంగు. పిడి కదులుతోంది. కానీ చేతిలోకి తీసుకోగానే అది నాటకాల కత్తి కాదని తెలిసింది. బరువు సరైన చోట ఉంది.

ఎందుకు కొన్నావని అడిగితే చెప్పాడు. వాళ్లు గొర్ల కాపరులు. కులదైవం బీరప్పకు ఏటేటా చేసే కొలుపులో దేవుడి ముందు పెట్టే కత్తి ఒకటి వాళ్లింట్లో తరాలుగా ఉండేది. కిందటేడు మల్లేశ్ గొర్ల కొట్టం పైకప్పు మారుస్తూ, మూలనున్న తుప్పు సామాను మొత్తం పాత ఇనుము బండికి వేశాడు. అందులో గోనె సంచిలో చుట్టిన ఆ కత్తి కూడా ఉంది. బండివాణ్ణి మళ్లీ పట్టుకునేసరికి సరుకు కరిగించడానికి పోయింది. తండ్రి బీరయ్య ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడలేదు.

"'నీ కొడుకును అన్నం తినుమను' అని మా అమ్మతోని అంటడు సార్. నేను పక్కనే కూసుంట. ఎనిమిది నెలలాయె."

తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. "మనదే దొరికిందని చెప్త. ఆయనకు కండ్లు ఆనుతలేవు. మీరు జర పాతగ చేసియ్యుర్రి. కొలుపు ఇంక మూడు వారాలే ఉంది."

"కత్తిని బాగు చేస్త. పాతగ కనబడేటట్టు చెయ్య. అబద్ధం నీది, నువ్వే చెప్పుకో. మీ నాయిన నన్ను అడిగిండంటే మాత్రం ఉన్నదే చెప్త."

"అడగడు సార్. మనిషే మాట్లాడడు, ఇంక అడుగుడా?"

పని మొదలుపెట్టాను. థిన్నర్‌లో ముంచిన దూదితో రంగును జానెడు జానెడు తీశాను. ఆ రంగు చూపుకు అసహ్యమే గాని ఇన్నాళ్లూ గాలి తగలకుండా ఇనుమును కాపాడింది. కింద కత్తి మొద్దు అంచు వెంబడి వెడల్పాటి, లోతులేని గాడి బయటపడింది. చేతికి అడ్డు లేకపోవడం, రెండు చేతులూ పట్టేంత పొడుగైన గుండ్రటి పిడి, సన్నని వంపు, ఇవన్నీ కలిపి చూస్తే అది 'దా'. బర్మా, సయాం వైపు కొండల్లో వాడే కత్తి. వందేళ్లకు తక్కువుండదని నా అంచనా. ఎలా ఇక్కడికి చేరిందో తెలియదు. తెలియనిదాన్ని ఊహించి రాయడం నా పద్ధతి కాదు.

ఎర్రగా పొడి రాలే తుప్పు బతికున్న తుప్పు, ఇంకా తింటూ పోతుంది. దాన్ని నూనెతో నానబెట్టి వెదురు చెక్కతో గీకాను. గట్టిగా, నల్లగా అంటుకున్న పొరను 'పాటినా' అంటారు. అది ఇనుముకు రక్షణ కాబట్టి ముట్టుకోలేదు. బఫింగ్ చక్రం మీద పెడితే గంటలో అద్దంలా మెరిసేది, వందేళ్ల పనితనం గంటలో పోయేది.

పిడి లోపల కత్తి తోకను పట్టి ఉంచిన చెట్టు బంక ఎండి పొడైపోయింది. బోల్టు వేస్తే సులువు. కానీ మా పనిలో 'రివర్సిబిలిటీ' అనే నియమం ఉంది. నేను చేసినదాన్ని రేపు ఇంకొకరు వస్తువు దెబ్బతినకుండా విప్పగలగాలి. అందుకని లక్క కరిగించి పోశాను. వేడి చేస్తే మళ్లీ వస్తుంది. చివర పలచగా మైనం రాశాను. పదును పెట్టలేదు.

కొలుపుకు నాలుగు రోజుల ముందు మల్లేశ్ తండ్రితో వచ్చాడు. పొద్దున్నే ఆయన్ను కంటి దవాఖానలో చూపించి, "నీదొక వస్తువు దొరికింది" అని మాత్రం చెప్పి తీసుకొచ్చాడట. కత్తిని రెండు చేతులతో తండ్రికి అందించి, మనదే దొరికిందని చెప్పి, గోడ పక్కకు జరిగి నిలబడ్డాడు.

బీరయ్య దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకోలేదు. ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో మొన తడిమాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. తర్వాత నా వైపు తిరిగాడు.

"సారూ, మీరు చెప్పుర్రి. గిది మాదేనా?"

"కాదు పెద్దాయనా."

"నాకెర్కే. మాదాని ముక్కు తినుకపోయింది. ఏటేటా కొలుపుకు మొనకు నిమ్మకాయ గుచ్చి, దేవున్ది అని వారం దాకా తియ్యకపోతుంటిమి. మా తాతల నాటి నుంచి గట్లనే. కండ్లకు పొరలొచ్చినయి గని వేళ్లకు రాలే సారూ."

నిమ్మరసం ఇనుమును తింటుంది. ఏడాదికొక వారం చొప్పున తరాలుగా తింటే మొన ఎలా ఉంటుందో నేను ఊహించగలను. మరొకరు తీసుకొచ్చి ఉంటే అలా చేయొద్దని మందలించేవాణ్ణి. ఆయన్ను మందలించలేదు. ఆ తప్పే వాళ్ల కత్తికి గుర్తు.

"యాడిది మరి?" అన్నాడు. చెప్పాను. బర్మా వైపుదని, ఇక్కడికెలా చేరిందో తెలియదని.

"అంటే గిది గూడ ఎవలింట్ల నుంచో పోయిందే." అప్పుడు కొడుకు వైపు తల తిప్పాడు. "ఎన్ని దినాలు ఎతికినవ్‌రా?"

మల్లేశ్ గోడ దగ్గర నుంచి ముందుకొచ్చాడు. "పోయిన కాన్నించి నాయినా."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు మాట్లాడితివా?"

"నేను మాట్లాడకుంటే నువ్వు మాట్లాడొద్దా? గాడిద." ముసలాయన కత్తిని దుప్పట్లో చుట్టడం మొదలుపెట్టాడు. "దేవుని ముందల దీన్ని పెట్టను. మనది పోయింది, పోయిందే. ఆ జాగా ఖాళీగనే ఉంటది. గిది ఇంట్ల ఉండని. పట్టు, బస్సుల ఎవలకన్న తాకుతది."

తర్వాత మల్లేశ్ ఫోన్ చేశాడు. కొలుపులో కత్తి పెట్టే చోట పసుపు గుడ్డ పరిచి, ఏమీ పెట్టకుండా మొక్కారట. నిమ్మకాయ మాత్రం గుడ్డ మీదే పెట్టారట.

పాత కుండలో ఒక పెంకు లేకపోతే ఆ ఖాళీని నింపుతాం, కానీ నింపినట్టు తెలిసేలా నింపుతాం. అసలు పెంకే అని నమ్మించకూడదు. ఈ నియమం నేను ఎంతోమంది కుర్రాళ్లకు నేర్పాను. అది మనుషుల విషయంలోనూ నిజమని ఆ ముసలాయన దగ్గర తెలుసుకున్నాను. మరుసటి వారం నుంచి, నా భార్య ఉన్నప్పటిలాగే, ఆదివారాలు తలుపు మూశాను.

ఇప్పుడు ఎవరు ఏం తెచ్చినా ముందు ఒక మాట అడుగుతాను. "పాడైందా, పోయిందా?" పాడైందంటే బల్ల మీద పెట్టమంటాను. పోయిందంటే కూర్చోమని చాయ్ పెడతాను.