బుచ్చిరాములు బొటనవేలు

నాచారంలో ఆ కాలనీవాళ్లు ఎవరు స్పీకర్లు కొన్నా వెంట దయాకర్ ఉండాల్సిందే. షాపువాళ్ల మాటలు అతను చెవిన పెట్టడు. బోనాల డప్పు రికార్డు చేసిన సీడీ ఒకటి చొక్కా జేబులోంచి తీసి వేయిస్తాడు, కళ్లు మూసుకుంటాడు, నిమిషంలో తేల్చేస్తాడు. ఆ తీర్పుకు తిరుగుండదు. అలాంటివాడు తనింట్లో పాత స్పీకర్లు మార్చి, కొత్తవాటికి జతగా నేల అదిరేలా దరువు పలికించే సబ్‌వూఫర్ కొనడానికి ఉప్పల్ వచ్చిన రోజున మాత్రం కళ్లు మూసుకోలేదు. తండ్రి బుచ్చిరాములును షాపులో కుర్చీ వేసి కూర్చోబెట్టి, చెప్పులు విప్పించాడు. బట్టల మిల్లులో మగ్గాల మోతకు ముసలాయన చెవులు ఎప్పుడో పోయాయి. కొత్త స్పీకర్లు ఇంట్లో అందరికీ నచ్చినా, ఆయనకు మాత్రం అవి రెండు చెక్కపెట్టెలే.

షాపతను దయాకర్ ఇచ్చిన సీడీ వేసి, అన్నిటికన్నా పెద్ద సబ్‌వూఫర్ పెట్టాడు. షోకేసు అద్దాలు గలగలలాడాయి. “వినండి సార్!” అన్నాడు గర్వంగా.

“నేను కాదన్నా, ఇనేది మా బాపు,” అన్నాడు దయాకర్, తండ్రి పాదాలనే చూస్తూ.

“లారీ వోయినట్టుంది,” అన్నాడు బుచ్చిరాములు.

“దెబ్బకు దెబ్బకు నడుమ సందు లేదన్నా. గా చిన్నది వెట్టు,” అన్నాడు దయాకర్ షాపతనితో.

చిన్నది మోగింది. బుచ్చిరాములు బొటనవేలు మెల్లగా లేచి నేలను తాకింది, మళ్లీ లేచింది. కాసేపటికి పాదం మొత్తం డప్పుతో కలిసి దరువేస్తోంది. ఉన్నట్టుండి ఆయన వీధివైపు చూసి కొడుకును కసిరాడు. “ఏందిరా గీ సౌండు? జర తగ్గియ్యి, బజారంత ఇనబడ్తది!”

“ఇదే కట్టియ్యన్నా,” అంటూ దయాకర్ సౌండు ఇంకొంచెం పెంచాడు.