గుడ్ల అట్టలో ఊక

“అరే, మన ఫిజిక్స్ సారు పోయిండ్రా” అని లక్సెట్టిపేట నుంచి పాత క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. మరునాడు కాలేజీలో సంతాప సభ. ఫిజిక్స్ కోర్సు మూయించిన ప్రిన్సిపాలే మైకు పట్టుకుని, సారు “సర్దుకుపోయే మనిషి” అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

సర్దుకుపోయే మనిషా? బొగ్గుబాయి కార్మికుల పిల్లలకు, సిలబస్‌లో లేని అతిశీతల పరమాణువుల గురించి చెప్పిన మనిషి! గుడ్ల అట్ట గుంతలను ఊకతో నింపి, గోళీలు పోసి ఊపేవారు. అవి అట్టంతా తిరిగేవి. చెంచాతో ఊక తీస్తూ పోతే, ఒక దశలో ఏ గోళీకా గోళీ ఒక్కో గుంతలో చిక్కిపోయేది.

“ముందుగాల నా ఉదాహరణల అబద్ధమేడుందో చెప్త” అనేవారు. “గోళీ ఒక్క గుంతలనే ఉంటది. పరమాణువు అట్ల గాదు బిడ్డా, గుంత లోతు లేనప్పుడు అన్నిట్ల పరుసుకుంటది. గా గుంతలు గూడ లేజర్ వెలుగుతోటి చేసినయి.”

శ్రీరాంపూర్ పిల్లగాడు లేచాడు. “సార్, మా బాపు బాయిల ఉడుకకు సస్తుండు, మీరేమో సలి ముచ్చట జెప్పవడితిరి. సలికే ఆగిపోతయా అవి?”

“సలి అప్పుడూ గంతే, ఇప్పుడూ గంతేరా. గుంత లోతు జేసినోడు ఆపిండు. లోతు తగ్గిస్తే మల్ల కలుస్తయి.”

అందుకే ఊక తిరిగి నింపి, గోళీలు తిరగడం చూపించాకే క్లాసు వదిలేవారు.

కోర్సు మూసేముందు కరీంనగర్‌లో మా ఇంటికొచ్చారు. “పిల్లలు చేరుతలేరంటుండ్రు. అడ్మిషన్ ఫారంల ఫిజిక్స్ గడే తీసేసిరి, ఎట్ల చేరుతరు? జర రాయి బిడ్డా.”

“పెద్ద సమస్యలున్నయి సార్, జర ఆగుండ్రి” అన్నాను. ప్రపంచాన్నంతా పత్రికల్లో ఏకిపారేసే నేను, ఆ గడి గురించి ఒక్క వాక్యం రాయలేదు. సారు తిట్టలేదు. చాయ్ తాగి బస్సెక్కారు. ఆ యేడే కోర్సు పోయింది.

సభలో లేచాను. “మీ మాటల అబద్ధమేడుందో చెప్త” అని గడి సంగతి చెప్పాను.

“ఇది సంతాప సభ” అన్నాడు ప్రిన్సిపాల్.

“అందుకే నా అబద్ధం గూడ చెప్త” అని, సారు మా ఇంటికొచ్చిన రోజు ఏమైందో చెప్పాను. 

తర్వాత ప్యూన్ పాత ల్యాబ్ తాళం తీశాడు. బీరువా మీద దుమ్ములో గుడ్ల అట్ట. చివరి క్లాసులో ఊక నింపే టైమ్ కూడా ఇచ్చినట్టు లేరు. అట్ట పట్టుకుని ఊపాను. ప్రతి గోళీ దాని గుంతలోనే గలగలమని చప్పుడు చేసింది. ఒక్కటీ పక్క గుంతకు పోలేదు.