సిస్టరమ్మ అడిగిన మాట

మొన్న కుప్పంలో ఒక హాస్టలు బడి కంప్యూటరు గదిలో ఉన్నవి: ఇరవై నాలుగు కంప్యూటర్లు, ఒక రౌటరు, హెడ్మాస్టరుగారు, నేను, అప్పుడే తుడిచిన నేల. అసభ్యమైన దృశ్యాలు పిల్లల దాకా రాకుండా అడ్డుకునే ఏర్పాట్లు చేయడం నా ఉద్యోగం. అంతకు వారం ముందు అక్కడ బిగించినది ఎలా పనిచేస్తోందో, ఎవరెవరిని ఆపిందో చూడటానికి వెళ్ళాను. ఫినాయిలు వాసన తగలగానే మౌసు మీద చెయ్యి ఆగింది. అది రూతమ్మ గది వాసన.

రూతమ్మ మదనపల్లెలో మిషను ఆసుపత్రి నర్సుగా రిటైరై, మా హాస్టల్లో జబ్బుపడ్డ పిల్లలను చూసుకునేది. సిస్టరమ్మ అనేవాళ్ళం. అప్పుడు నేను పుంగనూరు నుంచి వచ్చి తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఎవరో దొంగచాటుగా తెచ్చిన ఫోనులో లెక్కల పాఠం వెతుకుతుంటే మరేదో తెరుచుకుంది. ఫోను ఆపినా అది నా తలలో ఆగలేదు. పుస్తకం తెరిస్తే అదే. అమ్మ ఫోను చేస్తే మాట్లాడలేకపోయాను. చదువు మానేసి పోవాలని పెట్టె సర్దుకుని, కడుపునొప్పని చెప్పి నాలుగు రోజులు రూతమ్మ గదిలో పడుకున్నాను.

"ఏమప్పా, నొప్పంటావు, సంగటి ముద్దలు రెండు మింగుతాండావు. ఆ నొప్పి యాడుండాదో నాకూ సెప్పు," అంది. నేను నవ్వలేదు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఫోన్లో ఏమన్నా కనపడిందా?"

ఏం చూశావని అడిగి ఉంటే ఏమీ లేదనేవాణ్ణి. చూడటం నేను చేసిన పని. కనపడటం నాకు జరిగినది. ఆ తేడాను పట్టుకుని అంతా చెప్పాను. తర్వాత రెండుసార్లు నేనే వెతికి చూశానని కూడా చెప్పాను.

"సరే. మళ్ళా కనపడితే నా తావకి రా. నువ్వే సూసినా రా. పెట్టె యాల సర్దినావు? పో, ఇప్పి పెట్టు."

ఫోను సంగతి తెలిసి వార్డెను వచ్చాడు. "ఎవురెవురో సెప్పమ్మా, ప్రేయర్లో పేర్లు సదువుతా." రూతమ్మ రిజిస్టరు అతని వైపు తిప్పింది. నా పేరు, ఇంకో ముగ్గురి పేర్లు, అందరికీ ఒకటే జబ్బు.

"కడుపునొప్పి అప్పా. కావాలంటే అదే సదువు."

మర్నాడు ఫోనును ఆఫీసులో పెట్టించింది. మా మాటలను మాత్రం ఎవరికీ అప్పగించలేదు. రూతమ్మ ఇప్పుడు లేదు.

కుప్పంలో హెడ్మాస్టరుగారు నా తెర వైపు వంగారు. "ఎవురెవురు తెరవబోయినారో పేర్లు ఇయ్యప్పా. రేపు ప్రేయర్లో నిలబెడతా."

తెర మీది పట్టికలో పేర్లున్న వరుసను అప్పటికే తీసేశాను.

"పేర్లు ఉండవు సార్. ఎంతమందో తెలుస్తుంది."

"ఇంత సామాను పెట్టి పేర్లు ల్యాకపోతే ఎట్టప్పా?"

"పేర్లు కావాలంటే ఒక నర్సమ్మను పెట్టుకోండి సార్. పిల్లలే పోయి చెప్పుకుంటారు. ఆమె మీకు చెప్పదు."

ఆయన కాగితం ముందుకు తోశారు. దాని మీద రాసి ఇచ్చాను. ఈ వారం, తొమ్మిది మంది.