ఆయి కుర్చీ

మా గల్లీ చివర చిన్నపిల్లల బడి నడిపే మరాఠీ టీచరమ్మది ఒకటే షరతు. పిల్లకు ముక్కు కారినా ఫరవాలేదు, మాటలు సరిగ్గా రాకపోయినా ఫరవాలేదు, పొద్దంతా ఏడ్చి ఇల్లు పీకి పందిరేసినా ఫరవాలేదు. డైపర్‌తో మాత్రం రాకూడదు.

"బచ్చీ ఖుద్ బోలేగీ, ఖుద్ బైఠేగీ, తో భేజో. నహీ తో అగ్లే సాల్," అని నన్ను గుమ్మంలో నిలబెట్టే చెప్పేసింది. పిల్ల తనంతట తాను చెప్పాలి, తనంతట తాను కూర్చోవాలి, లేదంటే వచ్చే ఏడాది చూద్దామని.

వచ్చే ఏడాది దాకా ఆగే ఓపిక నాకు లేదు. పెళ్ళైన కొత్తలో నేను చీరలకు లేసు కుట్టే కార్ఖానాకు వెళ్ళేదాన్ని. కిటికీ పక్క మెషిన్ నాది. బిడ్డ పుట్టాక ఇంట్లోనే ఉండిపోయాను. దీపావళికి మూతపడిన సూరత్ అంతా లాభ పంచమి నాడు మళ్ళీ తెరుచుకుంటుంది కదా, ఆ రోజు వస్తే ఆ మెషిన్ నీకే, రాకపోతే ఇంకొకరిని కూర్చోబెడతానని కార్ఖానా నడిపే బెన్ కబురు పంపింది. ఇంట్లో బిడ్డ వెనక పరుగెత్తడానికి మా అత్తమ్మ మోకాళ్ళు ఒప్పుకోవు. అంటే నా మెషిన్ మొత్తం వచ్చి నా బిడ్డ కూర్చోవడం మీద ఆగింది. ఈ సంగతి బిడ్డకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.

అసలు చిక్కు మా ఇంటితోనే. మేడ మీద మాకున్నది ఒక గది, ఒక వంటగది. పాయిఖానా కింద, నాలుగిళ్ళకూ కలిపి. అంత దూరం మోసుకుపోయేలోపు బిడ్డ మెట్ల మీదే పని ముగించేది. కాబట్టి పిల్లలు దొడ్డికి కూర్చునే ప్లాస్టిక్ పాటీ ఒకటి కొనాలి అన్నాను. అనడం ఆలస్యం, అత్తమ్మ కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చుంది.

"నలుగురు పిల్లలను గీ కాళ్ళ మీదనే కూసోబెట్టిన. ఒక్కనికన్న కుర్చీ కొన్ననా? నీ మొగడు గూడ గీ కాళ్ళ మీదోడే," అని మా ఆయన వైపు చూపించింది.

దీపావళికి ఆయన పనిచేసే మగ్గాలు బంద్ కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. ఫోన్‌లో తల దూర్చేశాడు.

అత్తమ్మ తన రెండు పాదాల మీద బిడ్డను కూర్చోబెట్టుకుంది. "ఆయి పో బిడ్డా, ఆయి, ఆయి," అని పాటలాగా అందుకుంది. మా ఇళ్ళల్లో చిన్నపిల్లల రెండో పనికి అదే పేరు. బిడ్డ ఆ పాటంతా విని, చప్పట్లు కొట్టి, లేచి వెళ్ళిపోయింది. అత్తమ్మ మాత్రం లేవలేకపోయింది. మోకాళ్ళు పట్టేశాయి.

"ఓ పిల్లా, బిడ్డ సంగతి తర్వాత జూద్దువు గాని, ముందుగాల నన్ను లేపు," అంది. నేనూ ఆయనా చెరో రెక్కా పట్టుకుని లేపాం. పాటీ కొనడానికి అలా అనుమతి దొరికింది.

లింబాయత్ బజారులో ప్లాస్టిక్ సామాన్ల దుకాణానికి వెళ్ళాం. పాటీల్లో ఇన్ని రకాలుంటాయని నాకు తెలియదు. బాతు ఉంది, ఏనుగు ఉంది, స్టీరింగ్ ఉన్న కారు ఉంది. ఆ కారు ఎక్కిన పిల్ల పని మానేసి ముంబయి దాకా పోతుంది తప్ప దిగదు. మా ఆయన మగ్గాల మనిషి, ఏ వస్తువు చేతికిచ్చినా తిరగేసి కింద ఏముందో చూస్తాడు. ఒక్కో పాటీని తలకిందులు చేసి, చెవి దగ్గర పెట్టి ఊపి, జాయింట్లు నొక్కి, పక్కన పెడుతున్నాడు. చివరికి ఒకదాని దగ్గర ఆయన మొహం వెలిగిపోయింది.

"గిది జూడు. దీన్ల సెన్సర్ ఉన్నది. జర్రంత తడి తాకితె పాట మోగుతది."

"పాట బిడ్డకా, నీకా?" అన్నాను.

"బిడ్డకేనే. పాట కోసమన్న కూసుంటది."

దుకాణదారు వెంటనే ఆయన పక్షం చేరాడు. "లే లో బెన్. బచ్చా గానా సున్‌తే సున్‌తే కామ్ కర్ లేగా," అన్నాడు, పాట వింటూ వింటూ పిల్ల పని కానిచ్చేస్తుందని. ఇద్దరు మగవాళ్ళు ఒక యంత్రాన్ని మెచ్చుకుంటుంటే మధ్యలో ఆడమనిషి మాట చెల్లదు. అదే కొన్నాం.

పాటతో మా ఆయన లెక్క తప్పలేదు, బిడ్డ దాని కోసం ప్రాణం పెట్టేసింది. కాకపోతే తడి ఎక్కణ్ణుంచి రావాలో దానికి పట్టింపు లేదు. స్టీలు గ్లాసుతో బిందెలోంచి నీళ్ళు ముంచుకొచ్చి పోసేది. టింగుటింగుమని పాట మొదలయ్యేది. అత్తమ్మ మోకాళ్ళు పట్టుకుని, చెంబు తీసుకుని, "ఆయి పోయింది, ఆయి పోయింది!" అంటూ వచ్చేది. అందులో నీళ్ళు. అసలు పని తలుపు వెనక అప్పటికే అయిపోయి ఉండేది. పాట వినపడితే గుండె దడ పుట్టే స్థితికొచ్చాం. మా ఆయన సెల్లు పీకేశాడు. పాట లేని పాటీని బిడ్డ కన్నెత్తి చూడలేదు. ఒకనాడు చూద్దును కదా, అత్తమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చిక్కుడుకాయలు వలిచి అందులో వేస్తోంది.

"కొత్తదే గదా. వాడిందెవరు?" అంది.

ఆ పూట కూర నేను తినలేదు. దాన్ని కడిగి తుడిచి మళ్ళీ దుకాణానికి మోసుకెళ్ళాం, ఈసారి అత్తమ్మ కూడా వచ్చింది.

"వాపస్ నహీ హోగా భాయ్. యే పర్సనల్ చీజ్ హై," అన్నాడు దుకాణదారు, ఇది ఒంటికి వాడే వస్తువు, వాపసు తీసుకోనని ముక్కు దూరం పెట్టి.

"అరే, ఏక్ బార్ భీ నహీ కియా! మేరీ మా సే పూఛో!" అని మా ఆయన గట్టిగా అన్నాడు. ఒక్కసారి కూడా చెయ్యలేదు, కావాలంటే మా అమ్మను అడుగు అని. బజారంతా తిరిగి మా అత్తమ్మ వైపు చూసింది.

అత్తమ్మ కొంగు సర్దుకుని సాక్ష్యం చెప్పింది. "సచ్చీ బేటా. మై ఉస్మే ఖాలీ చిక్కుడుకాయ్ రఖీ."

ఆ చిక్కుడుకాయ ఏమిటో అతనికి అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనీ అనుకోలేదు. "దూస్రా లే లో, జావ్," అని, ఇంకోటి తీసుకుని పొమ్మని చేతులు జోడించాడు. ఈ గొడవలో బిడ్డ ఏమైందా అని చూస్తే మూలన ఒక పసుపు పాటీ మీద కూర్చుని ఉంది. దానికి మూత లేదు, బొమ్మ లేదు, పాట లేదు. తిరగేసినా కింద ఏమీ లేదు. మా ఆయన మొహం చిన్నబోయింది గానీ అదే తీసుకున్నాం.

మర్నాడు పొద్దున దాన్ని అత్తమ్మ చాపిన కాళ్ళ ముందు పెట్టాను. బిడ్డ దాని మీద కూర్చుని, తన అరికాళ్ళు నాయనమ్మ పాదాలకు ఆనించి, మొహం ఎర్రగా చేసుకుని, "ఆయి," అంది. నిజంగానే అయింది. ముగ్గురం పరుగున చేరి, వంగి, లోపలికి చూశాం. అంత ఆనందంగా దేన్నీ చూసినట్టు గుర్తు లేదు. మా ఆయన ఫోటో తీయబోతే చెయ్యి మీద ఒక్కటి వేశాను. ఇక ఆ పసుపు పాటీకి ఆయి కుర్చీ అని పేరు పడింది. బిడ్డ ప్రతిసారీ "ఆయి" అనేది, కూర్చునేది. నా మెషిన్ నాకు కనబడటం మొదలైంది.

పంచమికి ముందురోజు టీచరమ్మ పరీక్షకు పిలిచింది. ఆయి కుర్చీ చంకలో పెట్టుకుని బిడ్డను తీసుకెళ్ళాను. ఆమె దీపావళికి కొన్న కొత్త పట్టుచీర కట్టుకుని ఉంది. నన్ను గుమ్మం బయటే ఉండమంది. తల్లి కనపడితే పిల్లలు గారాలు పోతారట. అప్పటికే లోపల ఆడుకుంటున్న పిల్లలు ఆమెను "ఆయీ, ఆయీ" అని పిలుస్తున్నారు. మరాఠీలో ఆయీ అంటే అమ్మ. ఆ ముక్క నాకు తెలియంది కాదు. సూరత్‌లో పెరిగినదాన్ని. తెలిసీ బుర్రకు తట్టలేదు.

కాసేపటికి నా బిడ్డ ఆట ఆపింది. బిగుసుకుని నిలబడి, "ఆయి," అంది.

టీచరమ్మ తిరిగి చూసింది. బిడ్డ ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం దీనంగా, "ఆయీ!" అంది. ఆమె మొహం కరిగిపోయింది.

"బఘా, పహిల్యా దివశీచ్ మలా ఆయీ మ్హణాలీ!" అంది మురిసిపోతూ. మొదటి రోజే నన్ను అమ్మా అందని. ఒక్క ఊపున బిడ్డను ఎత్తి, పట్టుచీర మీద ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గుండెకు హత్తుకుంది. "హో బాళా, ఆయీ ఇథేచ్ ఆహే," అంది, అమ్మ ఇక్కడే ఉందని.

నేను షరతూ గిరతూ మరిచి గుమ్మంలోకి దూకాను. "ఓ ఆయీ నహీ! దూస్రా ఆయి! దూస్రా!" ఆ ఆయీ కాదు, ఇంకో ఆయి అని.

ఆమె నన్ను వింతగా చూసింది. "దూస్రీ ఆయీ? ఇస్కీ దూస్రీ ఆయీ కౌన్ హై?" దీనికి ఇంకో అమ్మ ఎవరని.

ఆ ప్రశ్నకు జవాబు నా బిడ్డే ఇచ్చింది.

ఆమె చీర మార్చుకుని వచ్చేదాకా నేను అక్కడే నిలబడ్డాను. చీర విలువ చీరలకు లేసు కుట్టేదానికి వేరే చెప్పాలా? ఇక మెషిన్ పోయినట్టే అనుకున్నాను. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుని, ఆ మాట అర్థం అడిగింది. చెప్పాను. ముందు నోరు తెరిచింది, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొట్ట పట్టుకుని నవ్వింది.

"బచ్చీనే తో బోలా థా," అంది చివరికి. పిల్ల చెప్పింది, అర్థం కానిది నాకే అని. కానీ ఇక్కడ అందరు పిల్లలూ ఒకే మాట అనాలంది. ఒకటో పనికి ఏకీ, రెండో పనికి బేకీ. రెండు వేళ్ళు చూపించి బేకీ అంటే చాలు, రేపు పంపించు అంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో బడి జరిగింది. "బేకీ ఏంది బేకీ? ఆయిని ఆయి అనకుంట ఇంకేమంటరు?" అని అత్తమ్మ అలిగింది. "అమ్మా, జర అను. మెషిన్ పోతది దానికి," అని మా ఆయన బతిమాలాడు. నా మెషిన్ గురించి ఆయన నోటి నుంచి అంత మాట రావడం అదే మొదలు. బిడ్డ మాత్రం ఇట్టే పట్టేసింది. పొద్దున అత్తమ్మ మరిచిపోయి "ఆయి వస్తుందా బిడ్డా?" అంటే, రెండు వేళ్ళు ఆమె మొహం ముందు ఆడించి, "ఆయి నై, బేకీ!" అని దిద్దింది.

అందరం నవ్వాం. నవ్వుతూనే నాకు బాధ కూడా వేసింది. అప్పటికి దానికొచ్చిన తెలుగు ఎంతని? అమ్మ, బువ్వ, బూచి, ఆయి. ఉన్న కాసిని మాటల్లోంచి ఒకటి నేనే లాగేసుకున్నాను, అదీ నా మెషిన్ కోసం.

పంచమి నాడు కార్ఖానాలో మెషిన్లకు బంతిపూలు కట్టారు. కిటికీ పక్క నాది అలాగే ఉంది. తొక్కగానే చేతులకు అన్నీ గుర్తొచ్చాయి. భోజనం వేళకు బిడ్డను చూసి రావడానికి పరుగెత్తాను. "బేకీ బోలీ, బైఠీ, హో గయా," అని టీచరమ్మ గుమ్మంలోనే చెప్పింది. లోపల పిల్లల మధ్య నా బిడ్డ నన్ను చూసి లేచింది. చెయ్యి ఊపుతూ గట్టిగా అరిచింది.

"ఆయీ!"

నేను ఇంకేం ఆలోచించలేదు. ఒక్క అంగలో వెళ్ళి, చంకలు పట్టి ఎత్తి, పొద్దున తనతో పాటు తెచ్చి పెట్టిన ఆయి కుర్చీ మీద కూర్చోబెట్టేశాను. బిడ్డ గింజుకుంది. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"బేకీ నై," అంది విసుగ్గా. తర్వాత నా పక్క నుంచి టీచరమ్మ వైపు తొంగి చూసి, నన్ను చూపిస్తూ, "ఆయీ, మా అమ్మ," అంది.

టీచరమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. బిడ్డ కుర్చీ దిగి ఆటకు వెళ్ళిపోయింది. మా ఇంటి ఆయి పోయి, దాని నోట ఆయీ అంటే ఇప్పుడు టీచరమ్మ అయిపోయింది. తిరిగి వచ్చి మెషిన్ ముందు కూర్చుంటే లేసు వంకర పోయింది. విప్పి, మళ్ళీ మొదటి నుంచి కుట్టాను.