తెలియనిచోటికి రంగు

ఉత్తర నార్వేలోని ఆందెనెస్ తీరాన, నౌకాదళంవారి కార్యాలయంలో తూరున్ హెగ్దాల్ ఇరవయ్యారేళ్ళుగా చేస్తున్న పని ఒకటే: రేపు సముద్రగర్భాన ఏ లోతులో నీరు ఎంత వెచ్చగా ఉండగలదో ముందుగా చెప్పడం. వెచ్చని నీటిలో ధ్వని ఒక తీరుగా, చల్లని నీటిలో మరొక తీరుగా వంగిపోతుంది. కనుక జలాంతర్గామిని వెదకే విమానం తన శ్రవణయంత్రాలను ఎక్కడ, ఎంత లోతున జారవిడవాలో ఆమె గీచిన పటాన్ని చూచి నిర్ణయిస్తారు.

ఆ పటంలో ఆమె ఒక్కతే వాడే రంగు ఒకటి ఉంది. కంప్యూటరు యంత్రం అయిదు విధాల చేసే లెక్కలూ ఏకీభవించిన చోట నీలమో, ఎరుపో, పొసగనిచోట బూడిద. అనగా తెలియదని అర్థం. నాలుగేళ్ళ క్రితం పైవారి ఒత్తిడికి లొంగి, అయిదింటినీ సగటు చేసి ముచ్చటైన గీత ఒకటి గీచి ఇచ్చింది. దానిని నమ్మిన విమానం రెండు రోజులు వట్టి సముద్రంపై చక్కర్లు కొట్టింది. నాటి నుండి ఆమె బూడిదను చెరపలేదు. ఆమె తండ్రి లొఫోతెన్ దీవులలో చేపలు పట్టినవాడు. తెలియనినాడు తెలియదనేవాడే గాని, ఆ మాటకు ఏనాడూ సిగ్గుపడినవాడు కాడు.

ఆ మార్చి నెల యుద్ధవిన్యాసాలలో మిత్రదేశపు జలాంతర్గామి దాగాలి, వీరు పట్టుకోవాలి. రెండు రోజులు గడిచినా అది చిక్కలేదు. మూడవదీ, కడపటిదీ అయిన రోజు, శుక్రవారం ఉదయం, దళనాయకుడు ఎయ్‌నార్ పటం చేతబట్టుకొని వచ్చాడు.

“ఇదేంటి తూరున్, సముద్రం సగం బూడిదే. పొయ్యిలోంచి తోడి పోశావా?”

“సగం కాదు, అరవై కిలోమీటర్ల పట్టీ. కొలిచే చెబుతున్నా.”

“నాకు కావలసింది ఒక్క గీత. ఇంకొక్కసారి విమానం పంపే టైమే ఉంది. ఇప్పుడూ దొరక్కపోతే పైవాళ్ళు నీ బల్ల ఎత్తేసి అంతా యంత్రానికే అప్పగిస్తారు. నీకు తెలియందేం కాదు.”

“యంత్రమైతే అడగ్గానే గీసిస్తుంది. దానికి మొహమాటం లేదుగా.”

మీట ఒక్కటి నొక్కితే బూడిద చెరిగి గీత వస్తుంది. తూరున్ వేలు మీటపైనే ఆగింది. లెక్కలు అక్కడే ఎందుకు తగవులాడుతున్నాయి? దక్షిణపు వెచ్చని ప్రవాహమూ, ఉత్తరపు చల్లని నీరూ అక్కడే కలబడి సుడులు తిరుగుతున్నాయి గనుక. ఇన్నేళ్ళూ తన లోపమనుకున్నది నీటి స్వభావమేనని ఆమెకు ఆ క్షణాన తోచింది.

“ఒక్క నిమిషం కూర్చో. ఆ జలాంతర్గామి కెప్టెన్‌వి నువ్వే అనుకో. ఎక్కడ దాక్కుంటావు?”

“ఎవరి చెవికీ చిక్కని చోట.”

“మన అయిదు లెక్కలే కొట్టుకు చస్తున్న చోట ఇంకెవరి చెవి పనిచేస్తుంది?”

ఎయ్‌నార్ పటంలోని బూడిద పట్టీపై వేలు పెట్టాడు. “ఎంత లోతున వెయ్యమంటావు?”

“అది తెలియదు. సగం పైన, సగం కింద వెయ్యి. దూరందూరంగా కాదు, దగ్గరదగ్గరగా.”

“తప్పితే?”

“నా పేరు చెప్పు. కావాలంటే స్పెల్లింగ్ రాసిస్తా.”

విమానం లేచింది. ఫోను మోగినప్పుడల్లా తూరున్ తలెత్తి చూచి, తన కోసం కాదని తెలిశాక తిరిగి పటంపైకి వంగేది. మధ్యాహ్నం మూడింటికి ఎయ్‌నార్ గుమ్మంలో నిలిచాడు.

“దొరికాడు. కింద వేసినవాటికి చిక్కాడు, పైవాటికి కూతైనా వినబడలేదట. ఇక్కడెందుకు వెతికారని వాళ్ళ కెప్టెన్ ఒకటే ఉడుక్కోవడం.”

“ఏం చెప్పావు?”

“మాకు తెలియని చోటు అదొక్కటేనయ్యా అన్నా.”

“మరి నా బల్లో?”

“ఎవరూ ముట్టుకోరు. ఇకమీద అందరి పటాల్లోనూ ఆ రంగు ఉండాలట. మిగతావాళ్ళకి నేర్పడం కూడా నీ నెత్తినే పడింది.”

అప్పుడు గాని తూరున్‌కు ఆకలి తెలియలేదు. వంటగదిలో వారాంతపు వాఫిళ్ళు, అంటే గళ్ళగళ్ళ తీపి అట్లు, కాలుస్తున్నారు. వేడివేడిది ఒకటి అందుకొని, జామ్ పులిమి, నిలబడే తిన్నది. ఎవరేమి పలకరించినా తలయూపుతూనే రెండవదానికి చేయి చాచింది.