లైట్ డ్యూటీకి నలభై మాటలు

1972 జూన్ 5, సోమవారం నాడు మా బాపుకు, అంటే మా నాన్నకు, ఇంగ్లీషు చదవడం నేర్పడం మొదలుపెట్టాను. పరీక్ష 28న. చేతిలో ఉన్నవి ఇరవై మూడు రోజులు.

పద్దెనిమిదేళ్లు బొగ్గుబాయిలో చేసి ఆయనకు ఆయాసం పట్టుకుంది. దవాఖానలో డాక్టరు లైట్ డ్యూటీ రాశాడు. బాయి పైన, కిందికి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో ఒక ఖాళీ ఉంది. అక్కడి రిజిస్టరు ఇంగ్లీషులో ఉంటుంది. పరీక్షలో అది చదవలేకపోతే మళ్లీ బాయిలోకి దిగాల్సిందే.

నేనప్పుడు చర్చి బడిలో టీచరును. బాపుకు అక్షరాలు వచ్చు, కలిపి చదవడం రాదు. అందుకని మాటను ముక్కలు చేసి చెప్పాను. ముక్క చివర హల్లుంటే తలుపు మూసినట్టు, అచ్చు పొట్టిగా పలుకుతుంది: క్యాప్, టబ్. అచ్చుతోనే ఆగితే తలుపు తెరిచినట్టు, గొంతు సాగుతుంది: గో, నో.

బాయిలో ఆయన పని కర్రతో పైకప్పు తట్టి చూడడం. గట్టిగా ఉంటే కంగుమంటుంది, వదులైతే బోలుగా మోగుతుంది. చదువుకూ ఆ కర్రే తెచ్చుకుని నేల మీద కొట్టేవాడు.

"మూసిందానికి చిన్న దెబ్బ, తెరిసిందానికి పెద్ద దెబ్బ. గింతే గద బిడ్డా?"

"బొగ్గుబాయిని ఇంట్లకు తెచ్చినవా? గచ్చు పలుగుతది," అంది అమ్మ.

"కూలకుంట ఆపుడు నా పనేనాయె."

24వ తేదీన నలభై మాటలు పెట్టి చూశాను. అన్నీ చదివాడు. కర్ర తీసేసి మళ్లీ అవే చదివించాను. పదకొండు వచ్చాయి. నా పుస్తకంలో నలభై అనే రాసుకున్నాను. మూడు రోజుల్లో ఆ అలవాటు మాన్పించలేనని తెలుసు. ఆఫీసులో కర్ర వద్దంటారని నాకు తోచలేదని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. అది నిజం కాదు.

పరీక్ష రోజు నేను వరండాలో నిలబడ్డాను. లోపల రెండు దెబ్బలు వినిపించాయి.

"ఇది ఆఫీసు పెద్దమనిషీ. కర్ర బయట పెట్టి చదువు," అన్నాడు అధికారి.

బాపు ఒక్కో అక్షరం విడిగా పలికాడు, మాట కలవలేదు.

"వస్తది సారూ. కర్రుంటె వస్తది."

ఎవరో నవ్వారు.

జూలై 3న బాపు మొదటి షిఫ్టుకు బాయిలోకి దిగాడు. సాయంత్రం స్నానం చేసి, పలక పట్టుకుని నా ముందు కూర్చున్నాడు.

"ఇయ్యాల ఏం మాటలు బిడ్డా? మళ్ల ఖాళీ పడక పోతదా?"

బడి పిల్లల నోటుబుక్కులు దిద్దాలని చెప్పాను. ఆయన పలక గోడకు ఆనించి, దగ్గుకుంటూ బయటికి వెళ్లాడు.